అరవయ్యో రాయి దాటని కారు

జూన్ 3

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. మూడు పేజీల్లో రెండున్నర పేజీలు కొత్త కుంచె గురించే రాశావు. మరదలికి ఏడో నెల నడుస్తోందన్న ముక్క ఆఖర్న, సంతకం కింద ఇరికించావు. కుంచెకి నెలలు నిండితే కూడా ఇంత వివరంగా రాస్తావేమో. మీ రోడ్డు శాఖ క్యాంపులో ఫోను పలకదు, పోస్టుమ్యాన్ గురువారం తప్ప రాడు. ఇక నాకీ కాగితాలే గతి.

సంగతేమిటంటే, మా తూకాల కంపెనీ వాళ్ళు ఒక ఫారం చేతిలో పెట్టారు. కొట్టుకొట్టుకీ తిరిగి కాటాలు సరిచూసే వాళ్ళం పదకొండు మందిమి ఉన్నాం కదా, అందరం రెండింట్లో ఒకటి తేల్చుకోవాలి. ఒకటి, కంపెనీ కారు. పెట్రోలు వాళ్ళదే, మరమ్మతు వాళ్ళదే. కానీ ఆఫీసు నుంచి అరవై కిలోమీటర్లకు మించి పోకూడదు. రెండోది, సొంత బండి. తిరిగిన కిలోమీటరుకి ఇంత అని చేతికిస్తారు. ఒకసారి టిక్కు పెడితే మూడేళ్ళదాకా మార్చుకోడానికి లేదు.

ఇందులో వింత వినరా. దూరాన్ని బండి మీటరు చూసి లెక్కకట్టరట, రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్ళ మీద ఏ అంకె ఉంటే అదే దూరమట. ఎందుకంటే, పోయినేడు మాలో ఒకాయన బండిని ఇటుకల మీదకెత్తి, సెలవురోజు పొద్దుటినుంచి సాయంత్రం దాకా చక్రాలు తిప్పుతూ కూర్చున్నాడు. మీటరు మీద ఆరువందల కిలోమీటర్లు వెళ్ళొచ్చాడు కానీ వరండా దిగలేదు. అప్పట్నుంచీ మా రవాణా గుమాస్తాకి మీటరంటే గిట్టదు. "మీటరు మనిషి చేతిలో ఉంటుందమ్మా, రాయి ఎవడి చేతిలోనూ ఉండదు" అంటాడు. ఆ రాళ్ళ మీద అంకెలు రాసేది నా తమ్ముడేనని ఆయనకి తెలీదు. నేనూ చెప్పలేదు.

మీ బావ ఓటు కంపెనీ కారుకి. నా మీద జాలితో అనుకునేవు, కాదు. నువ్వు నాకు అంటగట్టిన పాత కారు వెనక సీటు మీద ఆయన కన్ను పడింది. పీకి వరండాలో వేసుకుంటే పేపరు చదువుకోడానికి భేషుగ్గా ఉంటుందట.

నాకేదీ తోచడం లేదు. పధ్నాలుగో తేదీలోగా చెప్పాలి. నువ్వేమంటావు? ఏది తీసుకున్నా ఒక్కటి మాత్రం ఖాయం. ఆగస్టులో మరదలి పురుటికి నేను అక్కడుంటాను. మీ క్యాంపు యాభై రెండో రాయి దగ్గర, కాబట్టి ఏ బండైనా పరవాలేదు.

మరదలి చేత బరువులు ఎత్తించకు. నీ రంగు డబ్బాలు కూడా బరువులే.

మీ అక్క

జూన్ 6

అక్కా,

పోస్టుమ్యాన్ ఇంకా సైకిలు ఎక్కకముందే నీ ఉత్తరం చదివేశాను. జవాబు ఇప్పుడే రాస్తున్నా, అతను తీసుకెళ్ళేది మాత్రం వచ్చే గురువారమే.

కంపెనీ కారు వద్దే వద్దు. కళ్ళు మూసుకుని కిలోమీటరు లెక్కకి టిక్కు పెట్టు. ఎందుకని అడక్కు. రాళ్ళ సంగతి నాకొదిలెయ్.

ఒక మాట ఎన్నాళ్ళనుంచో చెప్పాలనుకుంటున్నా. ఆ బండి నీకిచ్చేనాటికే దాని వెనక స్ప్రింగులు పోయాయి. నాకు తెలుసు. తెలిసీ "కొత్తదానికేం తీసిపోదక్కా" అన్నాను. నువ్వు బేరమాడకుండా తీసుకున్నావు. అప్పట్నుంచీ నీ ఉత్తరం విప్పిన ప్రతిసారీ, స్ప్రింగు విరిగిందని రాసుంటావేమోనని భయపడుతూ విప్పుతున్నాను. ఈ రుణం నాకు తోచిన దారిలో తీర్చుకుంటా.

నీ మరదలు బానే ఉంది. ఇక్కడి డిస్పెన్సరీలో నర్సమ్మ వారం వారం తూకం చూస్తోంది. ఆ కాటా సంగతి నీకు చెప్పి తీరాలి. నీ మరదలు ఎక్కితే నలభై. నేనెక్కినా నలభై. మొన్న మందుల పెట్టె పెట్టి చూశాను, అదీ నలభయ్యే. నర్సమ్మ మాత్రం అందరికీ "నిలకడగా ఉన్నారు" అని రాస్తుంది. నవ్వొస్తుంది కానీ, రెండేళ్ళ క్రితం మేం బిడ్డని పోగొట్టుకున్నప్పుడు కూడా ఆవిడ వారం వారం రాసింది ఆ మాటే. అందుకే ఈసారి నీ చేత్తో నీ కాటా మీద తూచేదాకా నాకు నిద్ర పట్టదు. నువ్వు వస్తావుగా?

తమ్ముడు

జూన్ 14

తమ్ముడూ,

నీ జవాబు ఇంకా రాలేదు. ఆగడానికి వీల్లేకపోయింది.

నిన్న పిండిమర దగ్గర ఇరవై కిలోల తూకపురాళ్ళు ఐదూ బండిలోకి ఎక్కించానో లేదో, వెనక స్ప్రింగు ఫట్‌మంది. బండి తోక నేలకి ఆనించి, ముందు దీపాలు ఆకాశానికెత్తి, ఎవరికో దండం పెడుతున్నట్టు కూచుంది. మరవాడు, అతని కొట్లో జనం కడుపుబ్బ నవ్వారు. అతని కాటాలో నలభై గ్రాముల తేడా తేల్చాక నవ్వడం మానేశారనుకో. నువ్వేం బాధపడకు, మంచి బండే ఇచ్చావు, నేనే మోయించి చంపాను.

అంచేత ఇవాళ పొద్దున కంపెనీ కారుకి టిక్కు పెట్టేశాను. తెల్లకారు. రెండు తలుపుల మీదా తాసు బొమ్మ. పెళ్ళికొడుకు ఎక్కాల్సినంత మెరుస్తోంది. రవాణా గుమాస్తా తాళాలతో పాటు ఒక రిజిస్టరు ఇచ్చాడు. అందులో రెండే గడులు: బయల్దేరిన రాయి, చేరిన రాయి. మధ్యలో ఎక్కడ తిరిగినా ఆయనకి పట్టదు. "చేరిన రాయి మీద అంకె అరవైకి మించిందా, కారు వెనక్కి, మీరు ఇంటికి" అన్నాడు. సంతకం పెట్టాను. ఇంకో నియమం కూడా ఉంది, తూకపురాళ్ళు లోపలుండగా కారుని ఎక్కడా వదిలి వెళ్ళకూడదు. ఆదివారం సొంత పనికి వాడుకోవచ్చు. మీ క్యాంపు యాభై రెండు. ఇంకా ఎనిమిది రాళ్ళ వెసులుబాటు ఉంది నాకు!

మీ బావ అప్పుడే వెనక సీటు పీకేశారు.

అక్క

జూన్ 19

అక్కా,

రేపు గురువారం. ఈ ఉత్తరం చదివేటప్పుడు కూర్చుని చదువు, సంతోషంతో పడిపోతావు.

నువ్వు కిలోమీటరు లెక్కకే టిక్కు పెట్టుంటావని నాకు తెలుసు. నా మాట నువ్వెప్పుడు కాదన్నావు కనక? ఇక విను. మా క్యాంపు నుంచి మీ ఆఫీసు దాకా రాళ్ళన్నీ ఈ నెల్లోనే కొత్తగా రంగులేసి రాయాలని ఆర్డరు. పన్నెండు రోజులు వంచిన నడుం ఎత్తలేదు. మధ్యమధ్యలో అక్కడొకటి ఇక్కడొకటి మొత్తం పంతొమ్మిది నంబర్లు మింగేశాను. ఎనిమిది తర్వాత పది, ఇరవై తర్వాత ఇరవై రెండు, అలాగన్నమాట. నిన్నటిదాకా యాభై రెండైన మా రాయి ఇవాళ డెబ్బై ఒకటి. నువ్వు ఎటు కదిలినా నీ కిలోమీటర్లు పెరుగుతాయి. నేనిచ్చిన డొక్కు బండికి ఇదీ నా పరిహారం.

ఎవరు కనిపెడతారంటావా? రాయి తర్వాత రాయి లెక్కపెట్టే మనిషి లోకంలో ఒక్కతే ఉంది. చిన్నప్పుడు బస్సులో కిటికీ పక్కన కూచుని ఒకటి, రెండు, మూడు అని నువ్వు పైకి లెక్కపెడుతుంటే, నేను పదో రాయి దాటకుండా నీ ఒళ్ళో నిద్రపోయేవాణ్ణి. గుర్తుందా? ఆ మనిషి ఎలాగూ నా పక్షమే.

రాళ్ళు చూసి పెద్ద ఇంజినీరు "ఏం గుండ్రంగా రాశావయ్యా" అని భుజం తట్టాడు.

నీ తమ్ముడు

జూన్ 24

నీ దుంపతెగ!

నీ రెండో ఉత్తరం శనివారం అందింది. నిజంగానే కూలబడి చదివాను, సంతోషంతో మాత్రం కాదు. ఈపాటికి నా ఉత్తరం నీకూ అంది ఉంటుంది. కంపెనీ కారురా మూర్ఖుడా! అరవై దాటకూడదు!

నమ్మలేక నిన్న ఆదివారం బయల్దేరాను. మరదలికోసం కుట్టిన నాలుగు మెత్తటి బట్టలు, పిల్లలకాటా, మీ నర్సమ్మ కాటా సరిచూడ్డానికి తూకపురాళ్ళు అన్నీ వేసుకుని. రాళ్ళు పైకి లెక్కపెట్టుకుంటూ వచ్చాను. నా నోట్లో నలభై నాలుగు పలికేసరికి కళ్ళెదురుగా రాయి మీద అరవై. ఇంకో ఎనిమిది కిలోమీటర్లలో మీ ఇల్లు. ఒక్క అంగుళం ముందుకెళ్ళినా నా ఉద్యోగం. కారు వదిలి నడిచొద్దామంటే లోపల తూకపురాళ్ళు. అరగంట ఆ రాయికేసి చూస్తూ కూచున్నాను. నీ రాత నిజంగానే గుండ్రంగా ఉంది, నిన్ను తగలెయ్య. బట్టలు అక్కడి టీకొట్టులో ఇచ్చి వెనక్కి తిరిగాను. ఏడుపొచ్చింది. కోపంతో వచ్చిన ఏడుపే, మరోటి కాదు.

పదకొండేళ్ళుగా నా పనేమిట్రా? పది గ్రాములు దొంగతూకం వేస్తే, కొట్టు ముసలివాడిదైనా చిన్నవాడిదైనా, సీలు వేసి వస్తాను. అలాంటి నాకు నా తోడబుట్టినవాడే పంతొమ్మిది కిలోమీటర్లు దొంగతూకం వేసి పెట్టాడు! అదీ ప్రేమతో!

వెంటనే అన్నీ మళ్ళీ రాసెయ్. ఇంకేం చెప్పకు.

అక్క

జూలై 3

అక్కా,

నీ తిట్లు అందాయి, అన్నీ నాకు చెందినవే. కానీ తిరిగి రాయడం నా చేతుల్లో లేదు. ఇంజినీరు "పని పూర్తయింది" అని సంతకం పెట్టి, నల్లరంగు డబ్బా, అంకెల కుంచె తీసుకెళ్ళి స్టోర్లో పెట్టి తాళమేశాడు. మళ్ళీ ఇచ్చేది వచ్చే ఏడాదే. బొగ్గుతో రాసి చూశాను, మొదటి వానకే పోయింది.

అదొక్కటైతే బాగుండు. నా రాళ్ళు నాకంటే చురుగ్గా పనిచేస్తున్నాయి. బస్సు పర్మిట్ అరవై ఐదో రాయి దాకానే ఉందట. ఇన్నాళ్ళూ మా క్యాంపు దాటి వెళ్ళి మరీ తిరిగేవాడు, ఇప్పుడు అరవై ఐదు దగ్గరే మలుపు తిప్పేస్తున్నాడు. పాలవాడూ అంతే. టీకొట్టతను "నలభై నాలుగో రాయి టీకొట్టు" అన్న బోర్డు పీకేసి అరవై అని రాయించుకున్నాడు, పైగా "దూరం నుంచి సరుకు తెస్తున్నాం" అని టీ ధర పెంచాడు. లారీ డ్రైవర్లు మాత్రం నా ఫొటో ఉంటే ఇమ్మంటున్నారు, వాళ్ళకి జీతం కిలోమీటరు లెక్కన. ఇప్పుడు నేను వెనక్కి రాస్తే వాళ్ళు నన్ను రాయికి కట్టేస్తారు.

అన్నిటికన్నా అసలుది చెప్తా, నీ మరదలికి ఇంకా చెప్పలేదు. మీ ఊరి పెద్దాసుపత్రి బండి కూడా అరవై ఐదు దాటి రాదట. మా క్యాంపుని నా కుంచెతో నేనే లోకం అవతలికి తోసేశానక్కా.

ఇంకొకటి. నువ్వు అరవయ్యో రాయి దాకా వచ్చి వెళ్ళిపోయావని టీకొట్టతను చెప్పాడు. ఎనిమిది కిలోమీటర్లక్కా. రావాలనుకున్న వాళ్ళకి అదొక దూరమా? కారు బాగా మెరుస్తోందని కూడా చెప్పాడు.

తమ్ముడు

జూలై 8

తమ్ముడూ,

ఆఖరి ముక్క నాలుగుసార్లు చదివాను. నువ్వు నన్నలా అనుకోగలవని నాకు తెలీదు. దానికి జవాబు రాయను. ఏం చేశానో రాస్తాను, చదువుకో.

మంగళవారం రవాణా గుమాస్తా దగ్గరికెళ్ళి, ఆ క్యాంపు అసలు దూరం యాభై రెండేనండీ అన్నాను. "రాయి ఏమంటోంది?" అన్నాడు. రాయి తప్పండీ అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, "అమ్మా, రాయి తప్పంటే ఇక ఈ కంపెనీలో మిగిలేదేముంది?" అన్నాడు. తాడు పట్టి కొలిచి చూపిస్తానన్నాను. ఆ తాడు సరైనదని ఎవరు చెప్పాలన్నాడు. ఏ కొట్టుకెళ్ళినా నేనడిగే ప్రశ్న అదే, అందుకని లేచి వచ్చేశాను.

పోనీ, మన బండే మరమ్మతు చేయించి తెద్దామనుకున్నాను. మీ బావ దాన్ని అప్పటికే పాత ఇనుప సామాన్లవాడికి తూకానికి వేసేశారు. పరిగెత్తుకుంటూ వెళ్ళాను. బండి అతని పెద్దకాటా మీదే ఉంది. అలవాటు ప్రాణం కదా, వెనక్కి అడగబోయి ముందు తూకం చూశాను. ఎనిమిది కిలోలు తక్కువ చూపిస్తోంది! చూశాక వదలడం నా వల్ల కాదు. సీలు వేశాను. సీలు వేసిన కాటా మీదున్న వస్తువు విచారణ అయ్యేదాకా కదపకూడదు. ఆ నియమం ఫారంలో రాసింది కూడా నేనే. విచారణ అక్టోబరులో.

సీటు మాత్రం వరండాలో ఉంది. దాని మీద మీ బావ ఉన్నారు.

ఇదీ నేను రాని కథ. కారు మెరుస్తోందన్నావుగా, దాన్ని రోజూ పొద్దున్నే తుడిచేది నేనే. లోపల నీ పిల్ల కోసం పిల్లలకాటా ఇంకా అలాగే ఉంది.

అక్క

జూలై 17

అక్కా,

తప్పయింది. ఆ మాట రాసిన చెయ్యి విరిచెయ్. అరవై దగ్గర నువ్వొదిలిన బట్టలు పక్కింటావిడ తెచ్చిచ్చింది. వాటి కుట్టు చూసి నీ మరదలు ఏడ్చింది, నేనూ.

ఆవిడకి అన్నీ చెప్పేశాను. నర్సమ్మ ఆగస్టు రెండో వారమంటోంది. రోడ్డు శాఖ లారీలో తీసుకెళ్దామంటే, ఆ కుదుపులకు ససేమిరా వద్దంటోంది. తూకం మాత్రం నలభయ్యే, నిలకడగా ఉంది. ఆ మాట వింటే నా గుండెల్లో రాయి పడుతోందక్కా. రాళ్ళతో బతికేవాణ్ణి, అయినా మోయలేకపోతున్నాను.

నీ మరదలు ఏదో రాస్తుందట, కాగితం లాక్కుంటోంది.

వదినా, నమస్కారాలు. ఈయన మంచివారే కానీ పని ఎక్కువ చేస్తారు. ఈయన పెట్టెంతా వెతికాను. నల్లరంగు చుక్క కూడా లేదు, మరకలు దిద్దుకోమని వదిలేసిన తెల్లరంగు మాత్రం అరగిన్నెడు ఉంది. అంటే మేం ఇప్పుడు ఏమీ రాయలేం. చెరపగలం. దీనితో మీకేమైనా తోస్తుందేమో చూడండి. నాకు భయంగా ఉంది, ఈయన ముందు చెప్పలేదు. ఈ కాగితం ఈయన చదవకుండానే మడిచి అంటించేస్తాను.

జూలై 22

తమ్ముడూ,

మీ ఆవిడ బుర్రలో పావువంతు నీకున్నా మనకీ ఉత్తరాలుండేవి కావు.

రెండు రోజులు ఆలోచించాను. నా రిజిస్టర్లో రెండే గడులు. బయల్దేరిన రాయి, చేరిన రాయి. చేరిన రాయి మీద అంకె అరవైకి మించకూడదన్నారు కానీ, దారిలో ఏయే రాళ్ళు కనపడ్డాయో రాయమని ఎక్కడా లేదు. అంటే నాకు కావాల్సింది ఒక్క రాయి. మీ రాయి. దాని మీద డెబ్బై ఒకటి ఉంది. ఏడు చెరిపెయ్.

నేను అబద్ధం రాయను, నీకు తెలుసు. రాయి మీద ఏముంటే అదే రాస్తాను. కానీ ఇది నీ చేత చేయించేది నేనే. సీలు వేసే చేత్తోనే ఈ మాట రాస్తున్నాను. ఎవరైనా కొట్టువాడు నాతో ఇలాగే వాదిస్తే ఊరుకునేదాన్ని కాదు. రాత్రి మీ బావతో అంటే, "నీ తూకం నువ్వే చూసుకోవడం ఇదే మొదటిసారి కదూ" అన్నారు. ఆయన ఆ సీటు మీద కూర్చున్నప్పట్నుంచీ ఇలాంటివి అంటున్నారు.

ఆగస్టు పదకొండు, ఆదివారం. పొద్దున్నే బయల్దేరతాను.

అక్క

జూలై 31

అక్కా,

చెరిపేశాను. ఒకటి ఉంచాలా ఏడు ఉంచాలా అని రాయి ముందు చాలాసేపు నిలబడ్డాను. ఏడైతే కాస్త నమ్మేలా ఉంటుంది కదా. కానీ నువ్వు ఒకటన్నావు, ఒకటే ఉంచాను. డెబ్బై తర్వాత ఒకటి. దారిన పోయే లారీవాడొకడు బండాపి, దిగి, రాయి చుట్టూ ఒకసారి తిరిగి, తల గోక్కుని వెళ్ళిపోయాడు.

ముందుజాగ్రత్తగా ఆసుపత్రికి కూడా బస్సు కండక్టరు చేత కబురంపాను, పురిటి మనిషి ఒకటో రాయి దగ్గరుంది, అవసరమైతే బండి పంపమని. వాళ్ళ జవాబు: "ఒకటో రాయంటే మా వెనక వీధే కదా, ఆ మాత్రానికి బండెందుకు, మెల్లగా నడిపించుకు రండి."

కాబట్టి ఇక నువ్వేనక్కా. నువ్వు తప్ప ఎవరూ లేరు. నీ మరదలు రోజూ సాయంత్రం ఆ రాయి మీద కూర్చుని రోడ్డుకేసి చూస్తోంది.

తమ్ముడు

ఆగస్టు 19

తమ్ముడూ,

క్షేమంగా చేరావని తలుస్తాను. అరవై ఐదు నుంచి ఆరు కిలోమీటర్లు నడిచి ఉంటావు. నీ రాత, నీ కాళ్ళు.

నువ్వు ఆ రోజు కారు వెనక తూకపురాళ్ళ మధ్య కూర్చుని మొదట్నుంచి చివరిదాకా కళ్ళు తెరవలేదు కాబట్టి దారిలో ఏం జరిగిందో నీకు తెలీదు. చెప్తాను. నేను వచ్చేసరికే మరదలికి నొప్పులు మొదలయ్యాయి కదా. బయల్దేరగానే నా చెయ్యి పట్టుకుని "ఎంత దూరం వదినా?" అంది. నీ రాళ్ళు చూసి చెప్తే ఆ పిల్ల గుండె ఆగిపోయేది. అంకెలు చూడొద్దు, నాతో పాటు లెక్కపెట్టమన్నాను. ఒకటి, రెండు, మూడు. నొప్పి వచ్చినప్పుడు కారు నెమ్మది చేసి, తగ్గాక మళ్ళీ మొదలెట్టేవాళ్ళం. ముప్పై దగ్గర ఆవిడ గొంతు నా గొంతుని మించిపోయింది. ఆసుపత్రి గేటు దగ్గరికి సరిగ్గా యాభై రెండు. నీ రాళ్ళు అబద్ధమాడాయి కానీ మీ ఆవిడ ఒక్కటి కూడా తప్పలేదు.

పిల్లని తూచేముందు నేను ఇరవై కిలోల రాయి చంకనెత్తుకుని లోపలికొస్తే డాక్టరమ్మ కేకలేసింది, అదీ నీకు తెలీదు, అప్పటికి నువ్వు బెంచీ మీద పడున్నావు. ఆసుపత్రి కాటా ఏడు గ్రాములు ఎక్కువ చూపిస్తోంది. నేను సరిచేశాకే తూచనిచ్చాను. రెండు కిలోల తొమ్మిదివందల పది. ఇందులో ఒక్క గ్రాము అటూ ఇటూ లేదని రాసిస్తాను, కావాలంటే సీలు వేస్తాను.

ఇక ఆఫీసు. రిజిస్టర్లో రాసినదంతా నిజమే: బయల్దేరిన రాయి సున్నా, చేరిన రాయి ఒకటి. తిరుగు ప్రయాణం, ఒకటి నుంచి సున్నా. రవాణా గుమాస్తా దాన్ని చూశాడు, పెట్రోలు చూశాడు, మీటరు చూశాడు. నూటనాలుగు. నాకేసి చాలా బాధగా చూసి, "మీరు కూడానా అమ్మా? ఇటుకల మీద పెట్టారా?" అన్నాడు. తాళాలు తీసి ఆయన బల్ల మీద పెట్టాను. కారు వెనక్కి తీసుకున్నారు. ఉద్యోగం ఉంది. ఇక నుంచి నాకు సొంత బండి, కిలోమీటరు లెక్క. మొత్తానికి నువ్వు మొదట చెప్పిందే జరిగింది, సంబరపడకు. ఆ బండేమో అక్టోబరుదాకా నేను సీలు వేసిన కాటా మీదే ఉంటుంది, సీటేమో వరండాలో. మొన్న బస్సులో తూకపురాళ్ళతో ఎక్కితే కండక్టరు వాటికి వేరే టిక్కెట్టు కొట్టాడు.

సీటు ఇప్పుడు మీ బావది కూడా కాదులే. దాని మీద పక్కలు వేసి నీ కూతుర్ని పడుకోబెట్టాం. మీ బావ కింద చాప మీద కూర్చుని, పేపరు చప్పుడు కాకుండా తిప్పుతున్నారు.

వచ్చే ఏడాది నల్లరంగు ఇస్తే రాళ్ళన్నీ సరిచెయ్. నాకోసం కాదు, బస్సూ పాలూ ఆసుపత్రి బండీ మళ్ళీ అక్కడిదాకా రావాలి. కానీ మీ ఇంటి ముందున్న రాయి మీద కుంచె పెట్టకు. అది ఒకటిగానే ఉండనీ. నీ కూతురు బయల్దేరింది ఆ రాయి నుంచి.

నర్సమ్మ కనపడితే నేను చెప్పానని చెప్పు. ఇక్కడ రోజూ పొద్దున్న పిల్లని నేనే తూస్తున్నాను. మొదటి మూడు రోజులు కాస్త తగ్గి నా ప్రాణం తీసింది. తర్వాత నుంచి రోజుకి ముప్పై గ్రాములు. ఆవిడ పుస్తకంలో స్పష్టంగా రాసుకోమను: ఈ పిల్ల నిలకడగా లేదు.

మీ అక్క